లేచి నిలబడింది మేమిద్దరమే

నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉన్న ఒక ప్రైవేటు దవాఖానలో నేను ఐసీయూ నర్సుని. పెళ్లికి ముందే చేరాను, ఇప్పుడు మా పాప హైస్కూల్లో చదువుతోంది. ఇన్నేళ్లలో కష్టమైన రోజులు చాలా చూశాను. కరోనా కాలంలో కూడా ఇంటికి రాగానే స్నానం చేసి, రెండు ముద్దలు తిని, గోడవైపు తిరిగి పడుకుంటే నిద్ర పట్టేది. అందుకే ఆ వేసవిలో నాకు ఏమవుతోందో నాకే అర్థం కాలేదు.

మా దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు. ఊపిరి ఆడక వచ్చి, వెంటిలేటర్ మీద కొన్నాళ్లు గడిపి, దాన్నుంచి బయటపడ్డాడు. రేపో మాపో మామూలు వార్డుకి మారుద్దామని డాక్టర్లు అనుకుంటున్నారు. ఆ పొద్దున నేను తడిగుడ్డతో మొహం తుడుస్తుంటే నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"సిస్టరమ్మా, జర మీసం సక్కగ దువ్వు. నా కొడుకు వస్తడు" అన్నాడు.

దువ్వాను. ఎలా ఉందో చూపించమన్నాడు. ఐసీయూలో అద్దం ఎక్కడిది? నా ఫోన్ తీసి, కెమెరా ఆయన మొహం వైపు తిప్పి పట్టుకున్నాను. మొహాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని నవ్వాడు. పళ్లు లేని నవ్వు.

మధ్యాహ్నం భోజనాల వేళకి ఆయన గుండె ఆగిపోయింది. డాక్టర్లూ మేమూ వంతులు వేసుకుని ఛాతీ మీద నొక్కాం. ఎంత చేసినా ఆయన తిరిగి రాలేదు.

కొడుకు ఐసీయూ తలుపు దగ్గర నన్ను పట్టుకున్నాడు. "మీరు ఫోన్లు సూసుకుంట కూసుంటరు. పొద్దుగాల తలుపు అద్దంలకెళ్లి నేనే సూసిన, నీ చేతిల ఫోనుండె. మా నాయినను మీరే సంపిన్రు" అని అరుస్తూ నా మోచెయ్యి పట్టుకుని కుదిపేశాడు. వరండాలో కూర్చున్న వాళ్లంతా లేచి నిలబడి చూస్తున్నారు. ఆ ఫోన్ ఎందుకు పట్టుకున్నానో చెప్పాలని నోరు తెరిచాను. ఈలోపే సెక్యూరిటీ వాళ్లు వచ్చి అతన్ని కిందికి తీసుకెళ్లిపోయారు.

లోపలికి వెళ్లి ఆయన ఒళ్లు తుడిచాను. మీసం మళ్లీ దువ్వాను. ఆయన్ని అలా పంపించామో లేదో, క్యాజువాలిటీ నుంచి ఫోన్ వచ్చింది, ఆ బెడ్డుకి ఇంకో పేషెంటు వస్తున్నాడని. దుప్పటి మార్చాను. ఆ రోజు గురించి నన్నెవరూ ఏమీ అడగలేదు, నేనూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. మా దగ్గర అదే పద్ధతి. ఏడవడానికి టైముండదు, టైమున్నప్పుడు ఏడుపు రాదు.

ఆ తర్వాత మొదలైంది. డ్యూటీ దిగి కాచిగూడ బస్సెక్కేదాన్ని. బస్సు అబిడ్స్ దాటేలోపే గుండె దడదడమనేది. మందు కొంచెం కొంచెంగా ఎక్కించే సిరంజి పంపు స్పీడు సరిగ్గా పెట్టానా? గొట్టానికి మూత బిగించానా? పెట్టానని తెలుసు. పెట్టి, చూసి, మళ్లీ చూసి మరీ వచ్చానని తెలుసు. అయినా ఫోన్ తీసి వార్డుకి చేసేదాన్ని.

నా తర్వాత డ్యూటీకి ఎక్కువగా వచ్చేది ఒక పెద్ద సిస్టర్. నల్లగొండ వైపు పల్లె ఆమెది. వాళ్లవాళ్లలో పొలం పని కాకుండా చదువుకుని ఉద్యోగంలోకి వచ్చింది ఆమే మొదట. ఎత్తుగా, నిదానంగా ఉంటుంది. పేషెంటు ఎంత ప్రమాదంలో ఉన్నా ఆమె నడక మారదు, గొంతు పెరగదు. ఆమెతో పాటు డ్యూటీ పడితే నాకు ధైర్యంగా ఉండేది. ఆమెను చూసి కొంచెం కుళ్లుకునేదాన్ని కూడా. దేవుడు కొందరికి మాత్రమే ఇలాంటి గుండె ఇస్తాడేమో అనుకునేదాన్ని.

నేను ఫోన్ చేస్తే ఆమె రోజూ ఒకటే మాట అనేది. "అంతా మంచిగనే ఉంది సిస్టర్. నువ్వు ఫికర్ చేయకు, పో."

ఆ మాట విన్నాక కోఠీ దాకా ప్రాణం కుదుటపడేది. కోఠీలో బస్సు ఆగగానే మళ్లీ మొదలయ్యేది.

ఇంట్లో ఇంకో గొడవ. వాషింగ్ మెషిన్ పని పూర్తయ్యాక కూతపెడుతుంది కదా, ఆ కూత వినపడితే చాలు, నేను ఎక్కడున్నా లేచి నిలబడేదాన్ని. ఒక ఆదివారం మధ్యాహ్నం అందరం భోజనానికి కూర్చున్నాం. మెషిన్ కూసింది. నేను కంచం ముందు నుంచి ఎంగిలి చేత్తోనే లేచి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి మా పాప తినడం ఆపి నన్నే చూస్తోంది.

"అమ్మా, అది బట్టలే. పేషెంటు కాదు" అంది.

మా ఆయన ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేస్తాడు. మాటలు తక్కువ. మా పెద్దవాళ్లు కృష్ణా జిల్లా నుంచి హైదరాబాదు వచ్చి స్థిరపడిన వాళ్లు, ఆయన వాళ్లూ అంతే. ఏ బాధైనా పనిలో పడి మరిచిపొమ్మనే వంశాలు రెండూ. అలాంటి మనిషి ఆ రోజు గిన్నెలు కడుగుతూ, నా వైపు చూడకుండా, "ఉద్యోగం మానేసినా నాకేం పర్లేదు. మానకపోయినా పర్లేదు. కానీ ముందు ఒక డాక్టరుకి చూపించుకో" అన్నాడు.

మా దవాఖానలోనే మానసిక వైద్యుడు ఉన్నాడు. ఆ తలుపు ముందు కూర్చుంటే సాయంత్రానికల్లా క్యాంటీన్ దాకా తెలిసిపోతుంది. మనసు బాగోలేని నర్సుకి ఐసీయూ ఎవరిస్తారు? అందుకని అబిడ్స్‌లో మెయిన్ రోడ్డు వెనక సందులో, చెప్పుల షాపు పైన ఉన్న ఒక క్లినిక్కి ఫోన్ చేసి టైము తీసుకున్నాను. వార్డులో మాత్రం బ్లౌజులు కుట్టించుకోవడానికి సుల్తాన్ బజార్ వెళ్తున్నానని చెప్పాను. మాస్కు పెట్టుకుని, చున్నీ తల మీదుగా కప్పుకుని, ఆ ఇరుకు మెట్లు ఎక్కుతుంటే ఏదో దొంగతనానికి వెళ్తున్నట్టు అనిపించింది.

పైన చిన్న హాలు. గోడల వెంట కుర్చీలు, మూలన నీళ్ల క్యాను, బల్ల వెనక పేర్లు పిలిచే అమ్మాయి. ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటున్నారు. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. అది నాకు నచ్చింది. తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాను.

కాసేపటికి కరెంటు పోయింది. ఫ్యాను తిరగడం మానేసింది. బల్ల కింద కంప్యూటర్ యూపీఎస్ టిట్ టిట్ టిట్ అని మోగడం మొదలుపెట్టింది.

అచ్చం మా సిరంజి పంపు మోగినట్టే ఉంది. నేను లేచి నిలబడ్డాను. నా ప్రమేయం లేదు, కాళ్లు వాటంతటవే లేచాయి. హాల్లో ఒక్కళ్లు కూడా కదల్లేదు. మందు అయిపోతోంది, ఎవరూ చూసుకోరేంటి అని ఒక్క క్షణం కోపం కూడా వచ్చింది. అప్పుడు కనపడింది, ఎదురుగా కిటికీ పక్క మూలలో ఇంకో ఆమె కూడా లేచి నిలబడి ఉంది. మొహానికి మాస్కు, తలకి కొంగు. కుడి చెయ్యి ముందుకు చాచి, చూపుడు వేలుతో గాలిలో ఏదో నొక్కబోతోంది.

మా పంపులో శబ్దం ఆపే బటన్ సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది.

ఆ చెయ్యి నాకు తెలుసు. ఎన్నో ఏళ్లుగా నా పక్కనే పనిచేసిన చెయ్యి.

"సిస్టర్?" అన్నాను.

ఆమె మాస్కు కిందికి లాగింది. "ఏంది, నువ్వా?"

"మీరా?"

"బ్లౌజులు కుట్టిచ్చుకోనీకి సుల్తాన్ బజార్ పోతున్న అంటివి గద?"

"మీరు కూతురి స్కూల్లో మీటింగ్ అన్నారు కదా?"

యూపీఎస్ మోగుతూనే ఉంది. ముందు ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది, కుదరలేదు. ఆమె భుజాలు ఊగడం చూసి నాకూ వచ్చింది. గోడకి ఆనుకుని, కళ్ల వెంట నీళ్లు కారేలా, కడుపు పట్టుకుని నవ్వాం. పక్కనున్న ఒకాయన మమ్మల్ని చూసి తన కుర్చీని మెల్లగా అటువైపు జరుపుకున్నాడు. అది చూసి ఇంకా నవ్వాం. బల్ల దగ్గర అమ్మాయి యూపీఎస్ ఆపేసి, "మేడమ్, జర మెల్లగ" అంది.

లోపలికి విడివిడిగానే వెళ్లాం. డాక్టరు నడివయసు దాటిన ఆవిడ. తొందరపెట్టలేదు. పెద్దాయన సంగతి, మీసం సంగతి, ఫోను సంగతి మొదటిసారి ఒక మనిషికి పూర్తిగా చెప్పాను. మధ్యలో ఆవిడే నీళ్ల గ్లాసు నా వైపు జరిపింది.

"మీ వార్డులో ఒక పేషెంటు చనిపోతే మీ నర్సులందరూ ఏం చేస్తరు?" అని అడిగింది.

"దుప్పటి మారుస్తాం" అన్నాను.

ఆవిడ తల ఊపింది. "నీకు పిచ్చి కాదమ్మా. నీ ఒంటికి డ్యూటీ దిగుడు తెలుస్తలేదు, గంతే. కొన్నాళ్లు గోళీలు వేసుకో, నిద్ర వస్తది. గోళీతో అయ్యేది గోళీ చేస్తది. తక్కినదానికి మాత్రం మనిషి కావాలె. నీ పనేందో ఎరిగినోళ్లు ఎవరన్న ఉన్నరా, మాట్లాడనీకి?"

బయట కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న మనిషి గుర్తొచ్చింది. "ఉన్నారు. ఇప్పుడే దొరికారు" అన్నాను.

ఆమె పని కూడా అయ్యాక ఇద్దరం కిందికి దిగి, రోడ్డు దాటి, ఒక ఇరానీ హోటల్లో కూర్చున్నాం. చాయ్ వచ్చింది, ఉస్మానియా బిస్కెట్లు వచ్చాయి. ముందు ఆమే మొదలుపెట్టింది.

"నాకు గుండె నొప్పి చెల్లె. డ్యూటీకి వచ్చే ముందల ఛాతీల రాయి పెట్టినట్లయితది. ఈసీజీ తీయించిన, మళ్ల తీయించిన, అంతా మంచిగనే ఉన్నది. గుండె డాక్టరే నన్ను గీ డాక్టరమ్మ కాడికి పంపిండు. పొద్దుమీకి డ్యూటీ ఉంటే నేను జల్దీనే వచ్చి పబ్లిక్ గార్డెన్ల చెట్టు కింద కూసుంట. లోపటికి పోనీకి కాళ్లు రావు."

అప్పటిదాకా ఆమె నన్ను సిస్టర్ అనే పిలిచేది. చెల్లె అనడం అదే మొదలు. నాకూ నోట్లోంచి అక్కా అని వచ్చేసింది.

"అదేంటక్కా, నేను ఫోన్ చేసినప్పుడు మీరు అంత నిదానంగా మాట్లాడేవారు కదా?"

"ఏం నిదానం? నువ్వు ఫోన్ పెట్టినంక నేను ఉరికిపోయి నీ పంపులన్నీ మళ్ల సూసేదాన్ని. ఈమె గింత భయపడుతున్నదంటే ఏదో ఉన్నదేమో అని. ఒక్కసారి సూస్తే మనసాగకపోయేది. నీ ఫోన్లతోని నాకు ఎక్కువైంది పో" అని నా చెయ్యి మీద చిన్న దెబ్బ వేసింది.

నవ్వుతూనే పెద్దాయన కొడుకు సంగతి చెప్పాను. ఆ ఫోను అద్దంలా పట్టుకున్నానని అతనికి చెప్పలేకపోయానని, ఆ మాట ఇప్పటికీ గొంతులోనే ఉండిపోయిందని అన్నాను.

ఆమె కప్పు కింద పెట్టింది. నన్ను వింతగా చూసింది.

"ఆ కొడుకుకు ఎరికే గద."

"ఏం ఎరిక?"

"నేను చెప్పిన. గా దినం నేను డ్యూటీకి వస్తుంటే మెట్ల కాడ కూసున్నడు. సెక్యూరిటీ అతను సంగతి చెప్పిండు. నాకు పానం ఆగలే. పైకి పోయి, పక్క బెడ్డు పేషెంటు దగ్గర ఉన్న ఆయమ్మని పిలిచి అడిగితే, సిస్టర్ ఫోన్ల మీసం సూపెట్టింది అని చెప్పింది. నేను కిందికి పోయి ఆయనతోని అన్న. మీ నాయిన నువ్వొస్తున్నవని మీసం దువ్వించుకున్నడు బాబూ, అద్దం లేకుంటే ఫోన్ల సూపెట్టింది మా సిస్టర్ అని. గంతే, మొఖం చేతులల్ల పెట్టుకుని ఏడ్చిండు. నేను కూడ పక్కన్నే కూసున్న కొంచెంసేపు. పోయేటప్పుడు, ఆ సిస్టర్‌ని గట్ల అనకుంటే మంచిగుండె అన్నడు."

నాకు చాయ్ కప్పు కనపడలేదు. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాను.

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు ఆ ముచ్చట ఎత్తలే. నేను నువ్వు మరిచిపోయినవనుకున్న, యాది చేసి ఎందుకు బాధపెట్టుడు అనుకున్న. మనమిద్దరం రోజూ ఫోన్ల మాట్లాడుకుంటిమి. ఏం మాట్లాడుకుంటిమి? పంపులు, మూతలు."

నిజమే. ఎండాకాలం మొత్తం మోసిన బరువు ఆమె దగ్గర ఒక్క మాట అడిగితే దిగిపోయేది. అడగాలని నాకు తోచలేదు. చెప్పాలని ఆమెకి తోచలేదు. ఇద్దరం చాలా మంచి నర్సులం, ఇద్దరం మొహాన నవ్వు పులుముకుని డ్యూటీ చేశాం. ఆ హోటల్లో అంతమంది మధ్య ఏడవడానికి నాకు సిగ్గనిపించలేదు. వెయిటర్ ఏమనుకున్నాడో, అడక్కుండానే ఇంకో రెండు చాయ్‌లు తెచ్చి పెట్టాడు.

ఆ తర్వాత క్లినిక్కి ఇద్దరం ఒకేసారి టైము తీసుకుని వెళ్లేవాళ్లం. గోళీలు పనిచేశాయి. కానీ వార్డు వార్డులాగే ఉంది. ఒకరోజు అక్క, "మనమిద్దరం బయటపడ్డం. తక్కినోళ్ల సంగతేంది? అందరి మొఖాలు సూడు" అంది. చూశాను. నిజంగా చూడటం మొదలుపెట్టాక దాచిపెట్టిన మొహాలు చాలానే కనపడ్డాయి. ఒకామె డ్యూటీకి వచ్చే ముందు రోజూ వాంతి చేసుకుంటుందని తెలిసింది.

మా నర్సింగ్ సూపరింటెండెంట్ అంటే అందరికీ భయం. ఇస్త్రీ మడత నలగని చీర, అద్దాల మీదుగా చూసే చూపు. ఆవిడ గదికి వెళ్లాలని అక్క అన్నప్పుడు, ఐసీయూ నుంచి తీసేస్తారని నేను భయపడ్డాను. అక్క తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. వెనక నేను.

"మేడమ్, మేమిద్దరం మనసు డాక్టర్ దగ్గరికి పోతున్నం" అని ఉపోద్ఘాతం లేకుండా చెప్పేసింది. "మేం పని చేయలేక కాదు. మేం అలిసిపోయినం. వార్డుల అందరు అట్లనే ఉన్నరు, చెప్తలేరు."

మేడమ్ అద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "మీకేం కావాలి? చెప్పండి, కూర్చుని చెప్పండి" అంది.

మేం అనుకుని వెళ్లినవి చెప్పాం. తినడానికి వెళ్లినప్పుడు మా బెడ్లు ఇంకొకరు చూడాలి, వార్డులో నిలబడి డబ్బాలో అన్నం తినే పని ఉండకూడదు. ఎవరి పేషెంటు చనిపోతే ఆ నర్సుకి వెంటనే కొత్త పేషెంటుని ఇవ్వకూడదు. బంధువులతో చావు కబురు మాట్లాడేటప్పుడు డాక్టరు మా పక్కన ఉండాలి. సెలవు రోజున ఫోన్ చేసి డ్యూటీకి రమ్మనకూడదు.

"భోజనం సంగతి రేపట్నుంచే చేద్దాం. కొత్త పేషెంటు సంగతి కూడా సర్దవచ్చు, కాసేపైనా. డాక్టర్లతో నేను పోట్లాడాలి, పోట్లాడతాను, మాట ఇవ్వలేను" అంది మేడమ్. మళ్లీ అద్దాలు పెట్టుకుని, "సెలవు రోజు ఫోన్లు చేసేది నేనే కదా" అంది. మేం తల దించుకున్నాం. "మనుషులు లేక చేస్తాను. చెయ్యకుండా ఉండలేను. కానీ రానంటే ఎందుకని అడగను" అంది.

అన్నీ జరగలేదు. డాక్టర్లలో కొందరు వచ్చి నిలబడతారు, కొందరు ఇప్పటికీ ఆ సమయానికే ఎక్కడికో మాయమవుతారు. మనుషులు చాలని రోజుల్లో భోజనం మళ్లీ సాయంత్రానికి జరుగుతుంది. కానీ ఒక అలవాటు మాత్రం నిలిచిపోయింది. వార్డులో ఎవరైనా చనిపోతే, ఒళ్లు తుడిచి పంపించాక, వీలైన వాళ్లం మేడ మీద నీళ్ల ట్యాంకు నీడలో కాసేపు కూర్చుంటాం. నాంపల్లి స్టేషన్లో రైళ్లు వచ్చిపోవడం అక్కడికి కనపడుతుంది. ఆ పేషెంటు గురించి ఎవరికి తెలిసింది వాళ్లు చెబుతాం. మొదటిసారి ఏం చెప్పాలో ఎవరికీ తెలియలేదు. అప్పుడు రోజూ వాంతి చేసుకుంటుందని చెప్పానే, ఆ సిస్టర్, "ఆమె నన్ను రోజూ ఇయ్యాల ఏం కూర తెచ్చినవ్ బిడ్డా అని అడుగుతుండె. నిన్న బెండకాయ అంటే, జిగురు పోయేదాక ఏంచినవా అన్నది" అని ఏడ్చేసింది. ఏడుస్తూనే, "నేను ఏంచలే" అంది. అందరం నవ్వాం. కిందికి దిగేటప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుని దిగింది.

ఆ ఏడాది చలికాలంలో డాక్టరు గోళీలు తగ్గిస్తూ వచ్చి ఆపేసింది. అవసరమైతేనే రమ్మంది. అక్క తనకు తానుగా అడిగి డయాలసిస్ వార్డుకి మారింది. అక్కడ పేషెంట్లు ఏళ్ల తరబడి వస్తారు, పండగకి పిండివంటలు తెస్తారు, గొడవ పడతారు, మళ్లీ వస్తారు. అది తనకు పడిందని అంటుంది. నేను ఐసీయూలోనే ఉన్నాను. నాకు అదే ఇష్టం, అది కూడా ఇప్పుడే తెలిసింది.

జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషన్ మొదలయ్యాక, ఒక సాయంత్రం పొద్దుటి డ్యూటీ వాళ్లమంతా కలిసి వెళ్లాం. అక్క కూడా వచ్చింది. గాజులు చూశాం, కశ్మీరు శాలువాలు ముట్టుకుని వదిలేశాం. జెయింట్ వీల్ దగ్గరికి వచ్చేసరికి అందరూ నన్ను ముందుకి తోశారు. అక్క మాత్రం, "నేను రాను, నా గుండె ఈ నడుమనే మంచిగైంది" అని కిందే నిలబడింది.

చక్రం మెల్లగా పైకి తీసుకెళ్లింది. స్టేషన్ కనపడింది, అబిడ్స్ మేడలు కనపడ్డాయి, లైట్లు అప్పుడప్పుడే వెలుగుతున్నాయి. పైకంటా వెళ్లి ఒక్కసారిగా కిందికి దిగడం మొదలుపెట్టగానే ముందున్న కడ్డీని రెండు చేతులతో పట్టుకున్నాను. అరిచాను. ఐసీయూలో ఇన్నేళ్లూ గొంతు ఎత్తకుండా మాట్లాడిన దాన్ని, గొంతు చిరిగేలా అరిచాను. రెండో చుట్టులో ఇంకా గట్టిగా. నా పక్కన కూర్చున్న సిస్టర్ చెవులు మూసుకుని పడీపడీ నవ్వుతోంది.

కిందికి దిగేసరికి అక్క మిర్చి బజ్జీల పొట్లంతో ఎదురొచ్చింది.

"గట్ల అరిసింది నువ్వేనా?" అంది.

"ఔ అక్కా, నేనే" అన్నాను, బొంగురు గొంతుతో.

"మస్తు అరిసినవ్. తిను, ఎక్కువ కారం లేదు" అని పొట్లం నా చేతిలో పెట్టింది.